జీఓ వచ్చింది సరే, మీ జీతాల షీటు మారిందా?

(తెర మీద: జీఓ మొదటి పేజీ. నంబరు, తేదీ చుట్టూ ఎర్ర గీత.)

నమస్కారం అండీ. 2025 జులై 5న తెలంగాణ కార్మిక శాఖ ఒక జీఓ ఇచ్చింది. ఆర్‌టీ నంబర్ 282. వార్తల్లో, వాట్సాప్ గ్రూపుల్లో దాని గురించి తిరిగింది ఒకే ఒక్క మాట: "ఇక రోజుకు 10 గంటల పని."

ఆ మాట విన్న యజమానికి వెంటనే తట్టేది రోజుకు 10 గంటలు, వారానికి 6 రోజులు అనే. ఉద్యోగికి తట్టేదీ అదే, కాకపోతే గుండెల్లో రాయి పడుతుంది. ఆ కాగితంలో ఉన్నది వేరు. అందుకే ఈరోజు వీడియోలో ముందు ఆ జీఓనే కూర్చుని చదువుదాం. రాష్ట్ర కార్మిక చట్టాలు మారుతూ ఉంటే హైదరాబాద్‌లో ఒక ఆఫీసు వాటిని ఎలా అందుకోవాలో దీన్ని బట్టే అర్థమవుతుంది.

(తెర మీద: "కమర్షియల్ ఎస్టాబ్లిష్‌మెంట్లు" అన్న మాట పెద్దదవుతుంది.)

మొదట ఎవరికి అన్నది చూడాలి. ఈ సడలింపు కమర్షియల్ ఎస్టాబ్లిష్‌మెంట్లకు మాత్రమే. షాపులకు లేదు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వర్తిస్తుంది, అబిడ్స్‌లో బట్టల షాపుకు వర్తించదు. ఫ్యాక్టరీలది వేరే చట్టం. తర్వాత, దేని నుంచి? తెలంగాణ షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, 1988లోని పని గంటలు, విశ్రాంతి గురించి చెప్పే 16, 17 సెక్షన్ల నుంచి. మిగతా చట్టమంతా ఎక్కడిదక్కడే ఉంది. ఎప్పటి నుంచి? జులై 8.

ఇక అసలు విషయం షరతుల్లో ఉంది. రోజుకు 10 గంటలు దాటకూడదు, వారానికి 48 దాటకూడదు. 48 దాటితే ఓవర్‌టైం జీతం ఇవ్వాలి. 6 గంటల పని అయ్యాక కనీసం అరగంట విశ్రాంతి ఉండాలి. విశ్రాంతితో కలిపినా రోజు 12 గంటలు మించకూడదు. ఓవర్‌టైం 3 నెలల్లో 144 గంటలు దాటకూడదు. షరతులు తప్పితే సడలింపునే వెనక్కి తీసుకోవచ్చు.

(తెర మీద: తెల్ల కాగితం, పెన్ను. లెక్క చేత్తో వేస్తూ చూపించాలి.)

ఇప్పుడు వాట్సాప్ వెర్షన్‌ని ఈ కాగితం మీద పెట్టి చూద్దాం. పదిని ఆరుతో గుణిస్తే వారానికి 60 గంటలు. 48 తీసేస్తే 12 గంటల ఓవర్‌టైం. 3 నెలలంటే 13 వారాలు, అంటే 156 గంటలు. పరిమితి 144. ఓవర్‌టైం డబ్బు రెట్టింపు లెక్కన పైసాతో సహా ఇచ్చినా సరే, ఆ షిఫ్టును ఏడాది పొడవునా నడపడం కుదరదు. అదే 4 రోజులు పదేసి గంటలు, ఐదో రోజు 8 గంటలు పెట్టారనుకోండి, సరిగ్గా 48. రెండు రోజులు సెలవు దొరుకుతుంది. ఒకే జీఓ! ఒకరి చేతిలో అది ఉద్యోగి ఒళ్లు హూనం చేసే షిఫ్టు, ఇంకొకరి చేతిలో శని, ఆదివారాల సెలవు. తేడా అంతా షరతులు చదవడంలో ఉంది.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. చట్టం మారిన సంగతి ఎవరైనా చెబుతారు. ఎవరికి, ఏ తేదీ నుంచి, ఏ సెక్షన్, ఏ షరతు అన్నది మీ ఆఫీసులో ఒక మనిషి పేరు పెట్టి ఆ మనిషి చేత చదివించాలి. "మా పీఎఫ్ కన్సల్టెంట్ చూసుకుంటారండీ" అంటారు చాలామంది. కన్సల్టెంట్ నెలనెలా 15వ తేదీలోపు పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు కట్టిస్తారు. చాలా అవసరమైన పనే. కానీ మీ సెక్యూరిటీ గార్డు ఎన్ని గంటలు నిలబడుతున్నారో, మీ హౌస్‌కీపింగ్ అమ్మకు చేతికి ఎంత వస్తోందో ఆయనకు తెలియదు. ఆ అప్పగింత ఒప్పందంలో రాసి ఉంటే తప్ప, జీఓలు చదివి మీకు చెప్పడం ఆయన పని కూడా కాదు.

(తెర మీద: క్యాలెండర్. ఏప్రిల్ 1, అక్టోబర్ 1 మీద గుర్తులు.)

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఈ విషయంలో నష్టపోయేది ఎప్పుడూ అందరికంటే తక్కువ జీతం వాళ్లే కాబట్టి.

కనీస వేతనంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి బేసిక్, ప్రభుత్వం ఒక్కో రకం పనికి జీఓ ద్వారా నిర్ణయిస్తుంది. రెండోది వీడీఏ, అంటే ధరలతోపాటు మారే కరువు భత్యం. వినియోగదారుల ధరల సూచీ ఎన్ని పాయింట్లు పెరిగితే, పాయింటుకు ఇంత చొప్పున కలుస్తుంది. ఏటా రెండుసార్లు మారుతుంది, ఏప్రిల్ 1న ఒకసారి, అక్టోబర్ 1న ఒకసారి. తేదీలు ముందే తెలుసు. అయినా ఏటా చాలాచోట్ల జారిపోయేది ఇదే.

ఎందుకు జారిపోతుంది? మీరు సెక్యూరిటీ ఏజెన్సీతోనో, హౌస్‌కీపింగ్ ఏజెన్సీతోనో ఒప్పందం రాసుకుంటారు. మనిషికి నెలకు ఇంత అని. ఏడాదికో రెండేళ్లకో అదే రేటు. అక్టోబర్‌లో వీడీఏ పెరుగుతుంది. ఏజెన్సీ వాళ్లు బిల్లు పెంచి పంపిస్తే మీ అకౌంట్స్ వాళ్లు "ఒప్పందంలో లేదు" అని వెనక్కి కొడతారు. ఏజెన్సీ తన జేబులోంచి వేయదు. ఆఖరికి ఆ తేడా ఎవరి జీతంలోంచి పోతుంది? పొద్దున 6 గంటలకు వచ్చి మీ ఆఫీసు తుడిచే ఆవిడ జీతంలోంచి. ఆవిడకి ఆ పెంపు వచ్చిందన్న సంగతే తెలియదు. నాకు మనసుకు కష్టం కలిగించేది ఇదే. ఎవరూ కావాలని దొంగిలించలేదు, కానీ డబ్బు మాత్రం పోయింది.

దీనికి మందు ఒప్పందంలో ఒక్క వాక్యం: వీడీఏ పెరిగిన తేదీ నుంచే బిల్లు రేటు అంత మేరకు పెరుగుతుంది, పెరిగిన డబ్బు కార్మికుడి ఖాతాలో పడిన ఆధారం బిల్లుతో జత చేయాలి. నోటిఫికేషన్ ఆలస్యంగా చేతికొచ్చినా తేదీ వెనక్కి వెళ్తుంది కాబట్టి అరియర్స్ (పాత బాకీ) సంగతి కూడా అక్కడే రాయండి. ఇది దయతో చేసే పని కాదు, బాధ్యత. కాంట్రాక్టర్ జీతం తక్కువ ఇచ్చినా, ఎగ్గొట్టినా చట్టం వచ్చి అడిగేది ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌ని, అంటే మిమ్మల్నే.

(తెర మీద: ఎడమ పక్క జీఓ, కుడి పక్క గెజిట్.)

జీఓ కనబడగానే అమలు చేసేయాలా? 2021 జూన్‌లో ఏం జరిగిందో చూడండి. సెక్యూరిటీ సర్వీసులు, నిర్మాణ రంగం లాంటి 5 రంగాలకు కనీస వేతనాలు సవరిస్తూ 5 జీఓలు వచ్చాయి. కానీ గెజిట్‌లో, అంటే ప్రభుత్వ రాజపత్రంలో, అచ్చు కాలేదు. కనీస వేతనాల సవరణ గెజిట్‌లో వస్తేనే చట్టబద్ధంగా అమల్లోకి వస్తుంది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. లక్షల మంది కార్మికులకు ఆ కాగితం ఏళ్ల తరబడి కాగితంగానే మిగిలింది. అది అన్యాయమే, ఆ మాట గట్టిగానే అంటాను. యజమానిగా మీరు చూడాల్సింది ఏమిటంటే, జీఓ కాపీ పక్కన గెజిట్ తేదీ కూడా రాసి పెట్టుకోవాలి. గెజిట్ రాలేదని తెలిసినా పెంచి ఇచ్చారా, మరీ మంచిది. ఎక్కువ ఇవ్వొద్దని ఏ చట్టమూ చెప్పదు.

(తెర మీద: మ్యాప్. హైదరాబాద్, బెంగళూరు మీద చుక్కలు.)

హెడ్డాఫీసు హైదరాబాద్‌లో ఉంది కాబట్టి అన్ని బ్రాంచీలకూ ఇక్కడి లెక్కే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ప్రొఫెషనల్ ట్యాక్స్ తీసుకోండి. నెలకు 24,000 జీతగాడు గచ్చిబౌలిలో పనిచేస్తే తెలంగాణ లెక్క ప్రకారం 200 రూపాయలు కోస్తారు. అదే జీతంతో బెంగళూరు బ్రాంచిలో పనిచేస్తే సున్నా. కర్ణాటక 2023 ఏప్రిల్‌లో పరిమితిని 15,000 నుంచి 25,000కు పెంచింది. పైగా 2025 నుంచి అక్కడ ఫిబ్రవరి నెలకు మాత్రం 200 బదులు 300 కోయాలి. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగి పేరు పక్కన "పనిచేసే రాష్ట్రం" అన్న గడి తప్పు పడితే మిగతా లెక్కంతా తప్పే.

సెంట్రల్ చట్టాల సంగతి. 2025 నవంబర్ 21న 4 లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, 29 కేంద్ర చట్టాల స్థానంలో. "ఇక పాతవన్నీ పోయాయి" అని ప్రచారం జరిగింది. షాప్స్ చట్టం రాష్ట్రానిది, ఆ 29లో లేదు. 6 నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయకూడదని, తీస్తే నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలని చెప్పే 47వ సెక్షన్ అలాగే ఉంది. కోడ్‌లతో వెంటనే మార్చుకోవాల్సిన అలవాటు మాత్రం ఒకటుంది. రాజీనామా చేసినా, తీసేసినా రావలసిన జీతం 2 పనిదినాల్లో ఇవ్వాలి. మన దగ్గర "ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజులు పడుతుంది" అని మెయిల్ పెట్టే రివాజు ఉందే, దానికి కాలం చెల్లింది.

(తెర మీద: మామూలు నోట్‌బుక్. నిలువు గీతలు కొట్టిన పేజీ.)

పనిముట్టు పెద్దదేమీ అక్కర్లేదు. ఒక రిజిస్టర్, లేదా ఎక్సెల్ షీటు. జీఓ నంబరు, గెజిట్ తేదీ, మన దగ్గర ఎవరికి వర్తిస్తుంది, ఏం మార్చాం, మార్చాక వచ్చిన మొదటి పేస్లిప్ ఎవరు సరిచూశారు. చివరి గడి నింపనంత వరకు ఆ పని అయినట్టు కాదు. ప్రభుత్వ జీఓల వెబ్‌సైటు, కార్మిక శాఖ వెబ్‌సైటు వారానికోసారి తెరిచి చూస్తే చాలు. అర్థం కాని షరతు ఉంటే మీ ఏరియా అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా అడగండి, జవాబు ఫైల్‌లో పెట్టుకోండి. ఫోన్లో చెప్పిన మాట రేపు ఇన్‌స్పెక్షన్‌లో పనికిరాదు.

ఇంకొక్కటి. రూల్స్ చాలావరకు ముందు ముసాయిదాగా వస్తాయి, అభ్యంతరాలు చెప్పమని గడువిస్తారు. 2025 ఏప్రిల్‌లో గిగ్ వర్కర్ల (యాప్‌ల ద్వారా డెలివరీ, క్యాబ్ లాంటి పనులు చేసేవాళ్ల) బిల్లు ముసాయిదాను తెలంగాణ ప్రభుత్వం అలాగే జనం ముందు పెట్టింది. పెద్ద కంపెనీలు, యూనియన్లు రాస్తాయి. జీడిమెట్లలో 30 మందితో యూనిట్ నడిపే వాళ్లు, చర్లపల్లిలో వర్క్‌షాప్ వాళ్లు సాధారణంగా రాయరు. పంపాల్సిన చిరునామా ఆ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. ఏ రూలు, మీ దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారు, అమలులో ఎక్కడ ఇబ్బంది, ఎలా మారిస్తే కార్మికుడికి నష్టం లేకుండా ఉంటుంది అని ఒక్క పేజీలో తెలుగులోనే రాసి, గడువు దాటకముందే పంపండి.