చంటిబిడ్డకు వస: పరీక్షలో ఏమేం తేలాలి?

శ్రోతలకు నమస్కారం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బాలింత ఉన్న ఇంట్లో వసకొమ్ము ఉండటం మామూలే. ఆముదం దీపం మీద కాల్చి, సానరాయి మీద తల్లిపాలతోనో తేనెతోనో అరగదీసి బిడ్డకు నాకిస్తారు. కడుపునొప్పి పోతుందని, మాటలు తొందరగా వస్తాయని నమ్మకం. ఈ మందును పరీక్షకు పెడితే ఏం చూడాలి?

ముందు ఆ కొమ్ము వసేనా అన్నది తేలాలి. కావలిలో కొన్నదీ ఒంగోలులో కొన్నదీ కలిపేయకుండా దేనికది చూడాలి. అసలు కొమ్ము కాస్త నొక్కినట్టుగా ఉంటుంది. పైన ఆకులు ఊడిన మూడు మూలల మచ్చలు, అడుగున వేళ్ళు తెగిన గుండ్రటి గుర్తులు కనిపిస్తాయి. విరిస్తే ఘాటు వాసన, రుచికి చేదు. దీని బదులు దుంపరాష్ట్రకం అంటగట్టడమూ ఉంది.

తర్వాత నూనె. కొమ్మును దంచి నీళ్ళలో గంటల తరబడి మరిగించి, ఆవిరితో వచ్చే నూనెను పడతారు. అందులో బీటా అసరోన్ అనే రసాయనం ఎంతుందో గ్యాస్ క్రొమటోగ్రఫీతో, అంటే కలిసి ఉన్న పదార్థాలను విడదీసి చూపే పద్ధతితో, కొలుస్తారు. అసలు చిక్కు ఇక్కడే. మన దేశపు వసలో ఇది బాగా ఎక్కువ, అమెరికా రకంలో దాదాపు ఉండదు. ఇది ఎక్కువగా ఉన్న జమ్మూ వస నూనె తిన్న ఎలుకలకు పేగుల్లో కణితులు వచ్చాయి. అమెరికా 1968లో ఆహారంలో వస వాడకాన్ని నిషేధించింది. అందుకే ఏ రకం వసో చెప్పని పరిశోధన ఎందుకూ కొరగాదు. విషలోహాలూ చూడాలి: కొమ్ములో సీసం 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది), ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 దాటకూడదు. ఇసుక, బూజు, సూక్ష్మజీవుల పరీక్షలు కూడా ఉంటాయి.

మోతాదు సంగతి ఇంకా తికమక. ఒక అవ్వ సానమీద రెండు చుట్లు తిప్పుతుంది, ఇంకో అవ్వ పది తిప్పుతుంది. కాల్చడంలోనూ తేడానే. కొందరు పైపైన కమిలిస్తారు, కొందరు బొగ్గయ్యేదాకా కాలుస్తారు. పదిమందిచేత ఎప్పటిలాగే అరగదీయించి, ఆ గంధాన్ని ఆరబెట్టి తూస్తేగానీ బిడ్డ నోట్లోకి ఎంత పోతోందో తెలియదు.

ఇక గుణం. పసిపిల్లల కడుపునొప్పి ఏడుపు ఆరో వారానికి ముదిరి, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుంది. అప్పుడు ఏం పోసినా పనిచేసినట్టే కనబడుతుంది. కాబట్టి మందు ఇచ్చిన పిల్లలతోపాటు ఇవ్వని పిల్లలూ ఉండాలి. ఎవరికి ఏది ఇచ్చారో తల్లికీ డాక్టరుకీ తెలియకుండా, రోజుకు ఎన్ని నిమిషాలు ఏడ్చాడో రాయించాలి. వస వాసన దాగదు గనక ఉత్తుత్తి మందుకూ అలాంటి వాసనే పట్టించాలి. ముందు పెద్దవాళ్ళ మీద చూసి, ఆ తర్వాతే పిల్లల జోలికి రావాలి. బీటా అసరోన్ తీసేసిన మందు కాకపోతే చంటిబిడ్డల మీద పరీక్షకు ఏ ఎథిక్స్ కమిటీ (ఇలాంటి పరీక్షలకు అనుమతిచ్చే సంఘం) కూడా ఒప్పుకోకూడదని మా గట్టి అభిప్రాయం.

అందాకా ఆరు నెలల్లోపు బిడ్డకు తల్లిపాలు, డాక్టరు రాసిన మందులు తప్ప ఏదీ వద్దు. ఏడాది నిండేదాకా తేనె అసలే వద్దు, బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. ఇప్పటికే వస పోసి ఉండి, బిడ్డ వాంతులు చేసుకుంటున్నా, మగతగా పడుకున్నా, పాలు తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అరగదీసిన కొమ్మును కూడా వెంట పట్టుకెళ్ళి, ఎప్పుడు, దేంతో కలిపి, ఎంత ఇచ్చారో దాచకుండా డాక్టరుకు చెప్పండి.