పెరుగు గిన్నెకి వేసే చలి

శ్రోతలకు నమస్కారం.

దీపావళి ప్రమిదలు కడిగి అటకెక్కించేశాం. నాగుల చవితి కూడా వెళ్ళిపోయింది. తెల్లవారుజామున లేచి ఫ్యాను ఎవరు ఆపాలన్న దగ్గర మొగుడూ పెళ్ళాల మధ్య చిన్న తగాదా మొదలైంది. స్నానాల గదిలో కొబ్బరినూనె సీసా తలకిందులు చేసినా చుక్క రాలదు. 24 డిగ్రీల దిగువకి వెళ్తే ఆ నూనె గడ్డకడుతుంది మరి. ఇవన్నీ చలి వస్తోందని చెప్పే కబుర్లే. అయితే చిన్నపిల్లలున్న ఇంట్లో అందరికన్నా ముందు చలి వేసేది పెరుగు గిన్నెకి.

రాత్రి తోడు వేసి పడుకుంటారు. పొద్దున్నే మూత తీస్తే పాలు పాలలాగే ఉంటాయి. లేదా పైన తోడుకున్నట్టే ఉండి, గరిటె పెడితే సాగుతుంది. అవతల మూడేళ్ళ పాప డబ్బాలోకి పెరుగన్నం కలపాలి. బడి బస్సుకి ఇంకా పావుగంటే ఉంది.

ఈ రోజు ఆ గిన్నె సంగతే వివరంగా చెప్తాను. దానికి పనికొచ్చిన సూత్రమే పిల్లల స్నానానికీ, పక్కకీ పనికొస్తుంది. ఉన్న వేడిని పోనివ్వకూడదు. ఈ మాట మళ్ళీ మళ్ళీ అంటాను, విసుక్కోకండి.

పాలని పెరుగు చేసేవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. 40 నుంచి 45 డిగ్రీల వేడి దగ్గర అవి హుషారుగా పనిచేస్తాయి. వేసవిలో మన వంటిళ్ళే 35 డిగ్రీల్లో ఉంటాయి కాబట్టి తోడు ఎలా వేసినా నాలుగైదు గంటల్లో పెరుగవుతుంది. అప్పుడు మన చేతివాటం అనుకున్నది నిజానికి ఎండ చలవే. నవంబరు వచ్చి, రాత్రి వంటిల్లు 20కి దిగగానే మన పనితనం బయటపడుతుంది.

ఇప్పుడు అరలీటరు పాలతో మొదలుపెడదాం. పొంగు వచ్చాక వెంటనే దించకుండా, సన్న మంట మీద ఇంకో పది నిమిషాలు కలుపుతూ మరగనివ్వండి. అలా చేస్తే పెరుగు గట్టిగా వస్తుంది. మూడు శాతం వెన్న ఉండే టోన్డ్ పాలకి ఇది మరీ అవసరం. ఆరు శాతం ఉండే ఫుల్ క్రీమ్ పాలైతే ఎలాగూ గట్టిగానే తోడుకుంటాయి.

తర్వాత చల్లార్చాలి. ఇక్కడే లెక్క తప్పుతుంది. వేసవిలో గోరువెచ్చన చాలు. చలికాలంలో అంతకన్నా ఒక పిసరు ఎక్కువ వేడి కావాలి. థర్మామీటరు ఉంటే 45 చూడండి. లేకపోతే శుభ్రంగా కడుక్కున్న చిటికెన వేలు పాలలో పెట్టి పది లెక్కపెట్టండి. ఐదుకే వేలు తీసేశారా, ఇంకా ఆగాలి. పదైనా ఏమీ అనిపించలేదా, చల్లారిపోయాయి, మళ్ళీ వెచ్చ చెయ్యండి. పది దాకా ఉంచగలిగి, పదకొండో లెక్కకి తీసెయ్యాలనిపిస్తే, అదీ వేడి. మరీ వేడి పాలలో తోడు వేస్తే ఆ జీవులు చచ్చిపోతాయి. ఇక రాత్రంతా కాపలా కాసినా అవి పాలుగానే మిగులుతాయి.

ఇక తోడు. కొన్ని చోట్ల చేమిరి అంటారు. వేసవిలో అరలీటరుకి ఒక టీ చెంచా, ఇప్పుడు రెండు. చలి కదా అని నాలుగైదు చెంచాలు గుమ్మరిస్తారు కొందరు. అలా చేస్తే తోడుకోవడమైతే తోడుకుంటుంది కానీ, పుల్లబడి, పైన నీరు తేలుతుంది. పిల్లలు ఆ పెరుగన్నం ఒక ముద్ద తిని మూతి ముడుస్తారు. ఇంకో పొరపాటు, ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు తీసినట్టే వెయ్యడం. అందులోని జీవులు చల్లదనానికి మొద్దుబారి ఉంటాయి, పైగా ఆ చల్లని పెరుగు పాల వేడిని కూడా లాగేస్తుంది. అరగంట ముందే బయట పెట్టండి. రెండు చెంచాల వెచ్చని పాలు పోసి గడ్డలు లేకుండా చిలకండి. అది పాలలో కలిపి, ఒకటి రెండుసార్లు తిప్పి వదిలెయ్యండి.

ఇప్పుడు అసలు పని. ఉన్న వేడిని పోనివ్వకూడదు.

పలచని స్టీలు గిన్నె గట్టు మీద వదిలేస్తే గంటలో చల్లారిపోతుంది. గ్రానైటు గట్టు మరీ ఘోరం, అడుగు నుంచి వేడి పీల్చేస్తుంది. వెడల్పు గిన్నె వద్దు, లోతుగా ఉన్నది తీసుకోండి. మట్టి ముంతలో పెరుగు గట్టిగా, కమ్మగా వస్తుంది, నిజమే. కానీ ముంత చెమ్మ పీల్చి బయటికి వదులుతూ, కుండలో నీళ్ళు చల్లబడినట్టే పాలని చల్లబరుస్తుంది. ముంతే కావాలంటే ముందు వేడినీళ్ళతో తొలిచి, పాలు పోశాక తువ్వాలు చుట్టండి.

నాకు తెలిసి మన ఇళ్ళలో దీనికి బియ్యం డబ్బాని మించింది లేదు. సగానికి పైగా బియ్యం ఉన్న డబ్బా కావాలి. చేత్తో గుంట చేసి, బిగువైన మూత ఉన్న గిన్నె అందులో కూర్చోబెట్టి, చుట్టూ బియ్యం సర్ది, డబ్బా మూత వెయ్యండి. గింజకీ గింజకీ మధ్య నిలిచిన గాలి వేడిని దాటనివ్వదు. రాత్రి పదింటికి పెడితే పొద్దున ఆరింటికి చాకుతో కోసినట్టుండే పెరుగు వస్తుంది. బియ్యం డబ్బా చిన్నదైతే, చపాతీలు పెట్టుకునే హాట్‌ప్యాక్‌ని వేడినీళ్ళతో తొలిచి, పాలు నేరుగా అందులోనే తోడు వెయ్యొచ్చు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళు ఓవెన్ వెలిగించకుండా, లోపలి లైటు ఒక్కటే వేసి అందులో పెడతారు. ఫిలమెంటు బల్బు అయితేనే పనిచేస్తుంది. ఎల్ఈడీ అయితే వెలుగే తప్ప వేడి ఉండదు.

పొద్దున్నే చూస్తే తోడుకోలేదనుకోండి. కదపకండి. పెద్ద గిన్నెలో వేడినీళ్ళు పోసి, అందులో పెరుగు గిన్నె దింపి, రెండు గంటలు మూతపెట్టి ఉంచండి. చాలాసార్లు దారికొస్తుంది. ఆ రోజు డబ్బాలోకి మాత్రం పప్పన్నమే గతి. జిగురుగా సాగిందంటే, తక్కువ వేడిలో వేరే జాతి జీవులు పెరిగాయన్నమాట. దాన్ని మళ్ళీ తోడుకి వాడితే రేపూ అదే తంతు. పక్కింట్లోంచి రెండు చెంచాల మంచి పెరుగు తెచ్చుకోవడం మేలు. అదీ దొరక్కపోతే, కడిగిన పచ్చిమిరపకాయలు నాలుగు తొడిమలతో సహా వెచ్చని పాలలో వేసి, పది పన్నెండు గంటలు వెచ్చగా ఉంచండి. పలచగా ఏదో తోడుకుంటుంది. అది తినడానికి కాదు, తర్వాతి గిన్నెకి తోడు వెయ్యడానికి.

చలికాలం పిల్లలకి పెరుగు పెడితే జలుబు చేస్తుందని పెద్దవాళ్ళు గదమాయిస్తారు. జలుబు వచ్చేది వైరస్ వల్ల, పెరుగు వల్ల కాదు. ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా పెట్టకపోతే చాలు. అత్తగారితో ఈ ముక్క మీద వాదనకి దిగమని మాత్రం నేను చెప్పను.

స్నానం దగ్గరా ఇదే సూత్రం. తడి ఒంటి మీద నీరు ఆరుతూ ఒంట్లోని వేడిని పట్టుకుపోతుంది. కాబట్టి నీళ్ళు కాగబెట్టే ముందే తువ్వాళ్ళు రెండు, బట్టలు, నూనె చేతికందేలా పెట్టుకోండి. బకెట్‌లో ముందు చన్నీళ్ళు, ఆ పైన వేడినీళ్ళు. ఈ వరస తారుమారు చెయ్యొద్దు, పిల్లలు చెయ్యి ముంచేది మనం చూడని క్షణంలోనే. మోచెయ్యి ముంచి చూసుకోండి. ఐదు నిమిషాల్లో ముగించి, ముందు తల తుడవండి. గడ్డకట్టిన నూనె సీసాని పొయ్యి మీద పెట్టకండి, వేడినీళ్ళ చెంబులో నిలబెడితే కరుగుతుంది. హైదరాబాద్‌లో నవంబరు చివర్లో ఐదూ నలభైకే పొద్దు గుంకుతుంది, కాబట్టి బడి నుంచి రాగానే స్నానం కానిచ్చెయ్యండి. డిసెంబరు 22 దాటితే పొద్దు పెరుగుతుందని సంబరపడతాం. పెరిగేది సాయంత్రం వైపే. సూర్యోదయం మాత్రం జనవరి మధ్య దాకా ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. ఆ చీకట్లో లేపి తలకి పోయాలని ఏ శాస్త్రంలోనూ లేదు.

వేడి నిలుపుకోకుండా కొత్త వేడి తెచ్చుకోబోతేనే ప్రమాదం. గ్యాస్ గీజరు స్నానాల గది లోపల పెట్టి, కిటికీ మూసి వాడితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. మనిషి మగతగా కూలిపోతాడు. గీజరు గది బయటే ఉండాలి, కిటికీ తెరిచే ఉండాలి. బాలింత గదిలో తలుపులు మూసి పెట్టే బొగ్గుల కుంపటీ అంతే. పాతకాలపు పెంకుటింట్లో సందులనుంచి గాలి ఆడేది. ఇప్పటి అపార్టుమెంటు గదిలో ఆ సందుల్లేవు.

రాత్రి పక్క మీదా అంతే. మీరు వేసుకున్నదానికన్నా పిల్లలకి ఒక్క పొర ఎక్కువ, చాలు. చేతులు, పాదాలు చల్లగా తగిలాయని కంగారుపడి మరో దుప్పటి కప్పకండి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ వెచ్చగా ఉంటే సరే, చెమట తగిలితే ఒక పొర తీసెయ్యండి. నెలల పిల్లలకైతే పడుకున్నప్పుడు కుళ్ళాయి వద్దు, ముఖం మీదికి జారే దుప్పటీ వద్దు.

ఇంకొక్క మాట. రాత్రి అన్నాలకి కూర్చోకముందే, రెండు చెంచాల పెరుగు చిన్న గిన్నెలోకి తీసి గూట్లో దాచెయ్యండి. అన్నాలయ్యాక చూసుకుంటే అడుగున గీకడానికి కూడా మిగలదు.

నమస్కారం.