కనిపించనంత మాత్రాన లేనట్టేనా?

నిర్వాహకురాలు: నమస్కారం. అరుదైన జీవజాతుల గురించి మీ సందేహాలకు వృక్షశాస్త్ర ఆచార్యులు సమాధానమిస్తున్నారు. లైన్లో ఉన్నవారు మాట్లాడండి.

శ్రోత: నమస్కారమండీ. కొండ ఎక్కుతుండగా రాతి పగులులో ఒక పొద కనిపించింది. అంతరించిపోయిందని పుస్తకంలో రాసిన మొక్క బొమ్మకూ దీనికీ ఆకు అంచుల్లో సైతం తేడా కనబడలేదు. ఒక కొమ్మ తెంపుకొచ్చి, చోటు వివరాలతో ఫొటోలు అందరికీ పంపుదామనుకుంటున్నాను.

ఆచార్యులు: దయచేసి ఆ రెండు పనులూ చేయకండమ్మా. చివరి ప్రాణి కూడా మరణించిందనడంలో సహేతుకమైన సందేహమేదీ మిగలనప్పుడే ఒక జాతి అంతరించిందని ప్రకటించాలన్నది అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య నియమం. అంత జాగ్రత్త పడినా పొరబాట్లు జరుగుతాయి కనుక మీ ఆశను నేను కొట్టిపారేయను. 1994లో ఆస్ట్రేలియాలోని ఒక లోయలో, శిలాజాల్లోనే మిగిలిందనుకున్న వర్గానికి చెందిన వొలెమై పైన్ చెట్లు సజీవంగా దొరికినప్పుడు ఆ చోటును రహస్యంగా ఉంచారు. అయినా 2005లో అక్కడ వేరుకుళ్లు తెగులు బయటపడింది. అనుమతి లేకుండా వెళ్లినవారి పాదరక్షల మట్టితోనే అది చేరి ఉంటుందని భావించారు. కాబట్టి ఆకు రెండువైపులా, బెరడునూ, చుట్టుపక్కల నేలనూ పక్కన కొలబద్ద ఉంచి ఫొటోలు తీసి, వాటిని అటవీశాఖకో, విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగానికో మాత్రమే పంపండి.

శ్రోత: కానీ ఉన్నది ఒక్క పొదేనండీ. ఒక్కదానితో జాతి నిలుస్తుందా?

ఆచార్యులు: నన్ను ఎక్కువగా వేధించే ప్రశ్న ఇదే. 1918లో ఓడ నుంచి దిగిన ఎలుకలు ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హౌ దీవిలో అరచేతి పొడవుండే పుల్లపురుగులను తుడిచిపెట్టాయి. 2001లో, సముద్రం మధ్య నిటారుగా లేచిన బాల్స్ పిరమిడ్ అనే శిల మీద, ఒక పొద కింద, 24 పురుగులు బతికి కనిపించాయి; అక్కడి నుంచి మెల్‌బోర్న్ జంతుప్రదర్శనశాలకు చేర్చిన ఒక్క జంట సంతతి ఆ తరువాత వేలకు పెరిగింది. ఈతచెట్టులా కనిపించే వుడ్ సైకాడ్ అనే మొక్కకు మాత్రం ఆ అదృష్టం దక్కలేదు. దక్షిణాఫ్రికాలో 1895లో దొరికిన ఆ ఒక్క మొక్క మగది. దాని పిలకలు నేడు ఎన్నో ఉద్యానవనాల్లో పెరుగుతున్నా, ఆడ మొక్క నేటికీ దొరకనందున వాటిలో ఒక్కటీ తన జాతి విత్తనం ఇవ్వలేదు. మీ పొద పూసిందా?

శ్రోత: ఇంకా మొగ్గలేనండీ.

ఆచార్యులు: అవి విచ్చుకున్నాక, చెప్పులు శుభ్రంగా కడుక్కుని మళ్లీ వెళ్లండి. ఒకే పువ్వులో మగ భాగమైన కేసరాలూ, ఆడ భాగమైన అండకోశమూ రెండూ ఉన్నాయేమో దగ్గరగా ఫొటో తీసి పంపండి.