పెట్రోలు తోట ట్రాక్టరుకు కరెంటు మోటారు: హార్స్‌పవర్ చూడకండి, పెట్రోలు కొలవండి

నమస్కారం. స్పానర్ చేతిలోకి తీసుకున్నారా? పక్కన పెట్టండి. ఇంజిను తీసి కరెంటు మోటారు పెడతాం, కానీ ఇప్పుడే కాదు.

ఈ ట్రాక్టరు మా మామయ్యది. విశాఖ జిల్లా ఆనందపురం దగ్గర ఆయనకు రెండెకరాల తోట ఉంది. మామిడి, కొబ్బరి, ఒక పక్కగా మల్లె, కనకాంబరం. ఇది పొలం దున్నే పెద్ద ట్రాక్టరు కాదు, కూర్చుని నడిపే తోట ట్రాక్టరు. కింద గడ్డి కోసే బ్లేడు, వెనక చిన్న ట్రాలీ. ఎవరో గెస్ట్‌హౌస్ పచ్చిక కోసం విదేశం నుంచి తెప్పించుకున్నారు, తర్వాత వేలానికి వచ్చింది. వేలం మాట వింటే మామయ్యకు కాళ్లు ఎలా ఆగవో అత్తయ్యను అడిగితే చెబుతుంది.

ఇంజిను మీద 12.5 హార్స్‌పవర్ అని ఉంది. అందరూ పొరపాటు పడేది ఈ అంకె దగ్గరే. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు. గుణిస్తే 9.3 కిలోవాట్లు. అంటే అంత మోటారు కావాలి కదా అనిపిస్తుంది. నా మొదటి బండికి నేను అలాగే కొన్నాను. పెద్ద మోటారుకే డబ్బంతా అయిపోయింది, మిగిలిన దాంతో చిన్న బ్యాటరీ వచ్చింది. తోట మధ్యలో మోటారు ఒక్కసారి గట్టిగా లాగగానే బ్యాటరీ తనను తాను ఆపుకుంది. బండిని నలుగురం తోసుకుంటూ ఇంటికి తెచ్చాం.

ఆ 12.5 అనేది ఇంజిను నిమిషానికి 3600 చుట్లు తిరుగుతూ, గొంతు చించుకుని అరుస్తున్నప్పుడు ఇవ్వగలిగిన గరిష్ఠ బలం. గడ్డి కోస్తున్నప్పుడు దానికి అంత అవసరం రాదు. మరి ఎంత అవసరమవుతుంది? పెట్రోలు ట్యాంకు చెబుతుంది.

అందుకే ఇంజిను ఇంకా బండిలోనే ఉంది. ట్యాంకు అంచు దాకా నింపండి. రోజూ చేసే పనే సరిగ్గా గంటసేపు చేయండి. కొలపాత్రతో పోస్తూ మళ్లీ అంచు దాకా నింపండి. ఎంత పట్టిందో రాసుకోండి. ఇలా మూడు రోజులు చేయండి, వీలైతే అందులో ఒకటి వాన పడ్డ మర్నాడు కావాలి, తడిగడ్డి బ్లేడుకు బరువు. మాకు సగటున గంటకు 1.5 లీటర్లు వచ్చింది.

ఇప్పుడు లెక్క. లీటరు పెట్రోలులో దాదాపు 8.9 కిలోవాట్ గంటల శక్తి ఉంటుంది. ఇలాంటి చిన్న ఇంజిను అందులో సుమారు అయిదో వంతే పనిగా మారుస్తుంది, మిగతాదంతా వేడి. 1.5 ఇంటూ 8.9, అందులో అయిదో వంతు: 2.7. అంటే మన బండి పనిలో వాడుతున్నది సగటున 2.7 కిలోవాట్లే! 9.3 కాదు. సరుకులు మోసే ఎలక్ట్రిక్ ఆటోల్లో ఉండే 48 వోల్టుల, 3 కిలోవాట్ల మోటారు సరిపోతుంది. గట్టి గడ్డి తగిలినప్పుడు కాసేపు దానికి రెట్టింపు బలం ఇవ్వగలదు. పైగా కరెంటు మోటారు కదలక ముందు నుంచే పూర్తి బలంతో తిప్పుతుంది, ఇంజినులా వేగం అందుకోవాల్సిన పని లేదు.

ఇదంతా ప్రయోగం అని భయపడేవాళ్లకు ఒక మాట. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1970ల తొలి ఏళ్లలోనే ఎలెక్-ట్రాక్ అనే పేరుతో కరెంటు తోట ట్రాక్టర్లు అమ్మింది. 36 వోల్టులు, లెడ్ యాసిడ్ బ్యాటరీలు. వాటిలో కొన్నింటిని ఇప్పటికీ బాగుచేసుకుని నడుపుకునేవాళ్లు ఉన్నారు.

బ్యాటరీ సంగతి. ఇదే మోటారు ఒక లీటరు పెట్రోలు చేసే పని చేయాలంటే, నష్టాలు కలుపుకుని, దాదాపు 2 కిలోవాట్ గంటలు కావాలి. నేను తీసుకున్నవి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్, ఒక్కొక్కటి 3.2 వోల్టులు, 100 ఆంపియర్ గంటలు. 16 సెల్స్ వరుసగా కలిపితే 51.2 వోల్టులు, మొత్తం 5.12 కిలోవాట్ గంటలు. అందులో 80 శాతమే వాడుకుందాం, సెల్స్ ఎక్కువ ఏళ్లు ఉంటాయి. అంటే రెండు లీటర్ల ట్యాంకు అనుకోండి. గడ్డి కోస్తే గంటా ఇరవై నిమిషాలు. వినడానికి తక్కువే, దాచడం ఎందుకు? ఆగకుండా రోజంతా గడ్డి కోసేవారికి ఈ బండి పనికిరాదు. మామయ్య పొద్దున గంట కోస్తారు, తర్వాత ట్రాలీలో ఎరువు, పూలబుట్టలు. ట్రాలీ లాగడానికి 20 ఆంపియర్లు మించడం లేదు. ఆ పనే అయితే నాలుగు గంటలు వస్తుంది.

లెడ్ యాసిడ్ చవక కదా అంటారు. కొనేటప్పుడు చవకే. అదే సామర్థ్యానికి బరువు వంద కిలోలు దాటుతుంది, సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతాయి. ఈ సెల్స్ అన్నీ కలిపి 32 కిలోలు. తీసేసిన ఇంజిను బరువూ ఇంచుమించు అంతే, కాబట్టి ముందు చక్రాల మీద భారం పెద్దగా మారదు, స్టీరింగ్ తేలిపోదు.

సరే, ఇప్పుడు స్పానర్ తీసుకోండి.

పెట్రోలు ఆరుబయట తీయండి, షెడ్డులో వద్దు. దగ్గర్లో గ్రైండర్ గానీ వెల్డింగ్ గానీ ఉండకూడదు. ట్యాంకు, కార్బురేటర్, సైలెన్సర్ విప్పి పక్కన పెట్టండి. ఇంజిను కింద నాలుగు బోల్టులు. అవి తీసే ముందు ఫోనుతో బెల్టుల ఫొటోలు నాలుగు వైపుల నుంచీ తీసుకోండి. నేను తీసుకోలేదు. ఆ రోజు సాయంత్రం దాకా బెల్టు ఏ పుల్లీ మీదుగా వెళ్లిందో గుర్తుచేసుకుంటూ కూర్చున్నాను.

ఈ ఇంజిను షాఫ్టు నిలువుగా కిందికి ఉంటుంది, దాని మీద రెండు పుల్లీలు. పైది గేరుబాక్సుకు, కిందిది బ్లేడుకు. కాబట్టి మోటారును కూడా షాఫ్టు కిందికి వచ్చేలా, అదే చోట బిగించాలి. గేరుబాక్సు, బ్రేకు, బెల్టు, ఏవీ మార్చడం లేదు.

ఇక్కడ లేత్ పని వస్తుంది. గాజువాక ఆటోనగర్‌కు వెళ్లాను. 10 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటులో పాత ఇంజిను బోల్టుల రంధ్రాలు, మోటారు రంధ్రాలు రెండూ వేయించాలి. కొలతలు కాగితం మీద తీసుకెళ్తే చాలదు, మోటారునూ పుల్లీనీ మోసుకెళ్లండి. పుల్లీ రంధ్రం 25.4 మిల్లీమీటర్లు, పాత అంగుళం లెక్క. మోటారు షాఫ్టు మరో కొలత. మధ్యలో ఖాళీ నింపే బుష్ తిప్పించి, పుల్లీ జారకుండా పట్టే కీ కోసం గాడి (కీవే) కోయించాలి. లేత్ మేస్త్రీ నా కాగితం చూసి పక్కన పెట్టి, ముందు షాఫ్టు వంకర పట్టుకునే డయల్ గేజి తీశాడు. అప్పుడే నమ్మకం కుదిరింది. పుల్లీ కాస్త పక్కకు తిరిగినా బెల్టు వణుకుతుంది, బేరింగు పోతుంది. డబ్బు మిగల్చాలంటే పెయింటు దగ్గర మిగల్చండి, లేత్ దగ్గర కాదు.

తిరిగే దిశ కూడా చూసుకోండి. ఇంజిను ఎటు తిరిగేదో మోటారూ అటే తిరగాలి, లేకపోతే బ్లేడు గడ్డిని కోయదు, దువ్వుతుంది. ఈ రకం మోటారుకు దిశ కంట్రోలర్‌లో, అంటే మోటారుకు ఎంత కరెంటు వెళ్లాలో చూసే పెట్టెలో, మార్చుకోవచ్చు.

ఒక హెచ్చరిక. పాత సామాన్ల కొట్లలో ఫోర్క్‌లిఫ్ట్ మోటార్లు చవకగా దొరకవచ్చు. వాటిలో సిరీస్ మోటార్లు ఉంటాయి. భారం లేకుండా నేల మీద పెట్టి బ్యాటరీ తగిలించి చూద్దామని మాత్రం అనుకోకండి. భారం లేని సిరీస్ మోటారు వేగానికి హద్దు ఉండదు. లోపలి చుట్టలు విడిపోయి ముక్కలు ఎగిరిపడతాయి.

ఇప్పుడు సెల్స్. చేతికి ఉంగరం, గడియారం, మెడలో గొలుసు, అన్నీ తీసేయండి. ఈ స్పానర్ చూడండి, కొస తప్ప అంతా టేపు చుట్టాను. ఇది రెండోది. మొదటిది రెండు ధృవాల మధ్య పడి, రెప్పపాటులో కొస కరిగిపోయింది. 51 వోల్టులు షాక్ కొట్టవులే అంటారు, కానీ అడ్డంగా లోహం పడితే వేల ఆంపియర్లు పారతాయి.

సెల్స్ అన్నీ ఒకే స్థాయికి రాకపోతే బ్యాటరీ మొత్తం అన్నిటికంటే వెనకబడ్డ సెల్ మాటే వింటుంది. అందుకే ముందు 16 సెల్స్ వరుసగా కలిపి, బీఎంఎస్ (ఒక్కో సెల్‌ను గమనిస్తూ, హద్దు దాటితే కరెంటు ఆపే బోర్డు) పెట్టి, ఏదో ఒక సెల్ నిండి అది ఆపేదాకా ఛార్జ్ చేయండి. తర్వాత విప్పి, ఈసారి ప్లస్సులన్నీ ఒకవైపు, మైనస్సులన్నీ ఒకవైపు కలపండి. పవర్ సప్లైని ముందే 3.65 వోల్టులకు అమర్చి, అప్పుడే తగిలించండి. కరెంటు తగ్గి తగ్గి ఒకటి రెండు ఆంపియర్లకు వచ్చిందంటే అన్నీ సమానంగా నిండినట్టు. ఒక్కోసారి దీనికే రెండు రోజులు పడుతుంది. పట్టనివ్వండి.

సెల్‌కూ సెల్‌కూ మధ్య కరెంటు పారనివ్వని హైలం షీటు ముక్క పెట్టండి. కలిపే పట్టీలు నికెల్ పూత ఉన్నవే కొనండి. విశాఖ గాలి సంగతి మీకు చెప్పనక్కర్లేదు, సముద్రానికి ఇంత దూరంలో కూడా మామయ్య గేటు గొళ్ళెం రెండేళ్లకే తుప్పు పట్టింది. పట్టీలు ఎమెరీ పేపర్‌తో రుద్ది, బిగించాక పైన పల్చగా వ్యాజిలీన్ రాయండి. అతిగా బిగించకండి, అల్యూమినియం మరలు ఊడి వస్తాయి.

వైరింగ్‌లో మూడు విషయాలు. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరం లోపే 150 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. అది డీసీ కోసం, అంటే బ్యాటరీ కరెంటు కోసం, చేసినదై ఉండాలి. ఇంట్లో వాడే ఎంసీబీ ఇక్కడ పనికిరాదు. ఇంటి కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్చు తీసినప్పుడు మెరుపు దానంతట అదే ఆరిపోతుంది. బ్యాటరీ కరెంటు సున్నాకు రాదు, మెరుపు ఆరదు, ఎంసీబీయే అంటుకోవచ్చు.

తర్వాత కాంటాక్టర్, అంటే తాళం తిప్పితే బ్యాటరీని కలిపే పెద్ద స్విచ్చు. కంట్రోలర్ లోపల పెద్ద కెపాసిటర్లు ఖాళీగా ఉంటాయి. బ్యాటరీ నేరుగా తగిలిస్తే అవి ఒక్క గుక్కలో తాగేస్తాయి, ఆ నిప్పురవ్వకు కాంటాక్టర్ మూతులు అతుక్కుపోతాయి. అతుక్కుంటే తాళం తీసినా బండి ఆగదు. అందుకని కాంటాక్టర్‌కు సమాంతరంగా 100 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ముందు నెమ్మదిగా నింపి, తర్వాతే కాంటాక్టర్ మూయాలి. పని అయ్యాక కూడా వాటిలో కరెంటు నిలిచి ఉంటుంది. చేయి పెట్టే ముందు మల్టీమీటర్‌తో చూడండి.

కేబుల్ 35 చదరపు మిల్లీమీటర్ల రాగిది. కేబుల్ కొసలకు వేసే లగ్గులు హైడ్రాలిక్ క్రింపింగ్‌తో నొక్కించండి. సుత్తితో కొట్టిన లగ్గు మొదటి వారం బాగుంటుంది, రెండో వారం వేడెక్కుతుంది. కంట్రోలర్‌లో బ్యాటరీ కరెంటును 120 ఆంపియర్లకు పరిమితం చేయండి. ఫ్యూజు కంటే ముందు కంట్రోలరే ఆపాలి.

సీటు కింది స్విచ్చు తీసేయాలనిపిస్తుంది, తీయకండి. మనిషి లేస్తే బ్లేడు ఆగాలి. యాక్సిలరేటర్ నొక్కి ఉండగా తాళం తిప్పితే బండి కదలకూడదు, కంట్రోలర్‌లో ఆ ఏర్పాటు ఉంటుంది. ఇంజిను లేదు కాబట్టి లైట్లకు 12 వోల్టులు రావు, వాటికి చిన్న కన్వర్టర్ పెట్టండి.

ఇది తోటలోనే తిరిగే బండి. రోడ్డు మీద తిరిగే, రిజిస్ట్రేషన్ ఉన్న ట్రాక్టరుకు ఇలా చేయాలంటే 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి.

మొదటి పరీక్ష వెనక చక్రాలు గాలిలో ఉండేలా దిమ్మల మీద ఎత్తి, బ్లేడు బెల్టు తీసి చేయండి. అయిదు నిమిషాలు తిప్పి, ఒక్కో లగ్గు మీద చేయి పెట్టి చూడండి, ముందు కాంటాక్టర్ ఆఫ్ చేసి. ఏదైనా వేడిగా ఉంటే అక్కడ క్రింపింగ్ బాగాలేదు.

తోటలోకి తీసుకెళ్లి బ్లేడు వేశాను. కేబుల్‌కు డీసీ క్లాంప్ మీటర్ తగిలించాను. మన లెక్క ప్రకారం 2.7 కిలోవాట్లు, నష్టాలు కలిపితే సుమారు 60 ఆంపియర్లు. మీటర్ 54కూ 65కూ మధ్య ఊగుతోంది. కొబ్బరి చెట్ల కింద తుంగ దగ్గర ఒకసారి 90 దాటింది, వెంటనే దిగింది.

వాడుకలో రెండు ఇబ్బందులు బయటపడ్డాయి. ఒకటి ఎండ. మే నెలలో బానెట్ కింద బ్యాటరీ బాగా వేడెక్కుతోంది. సెల్ 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ పెట్టకూడదు. బానెట్ రెండు పక్కలా జాలీ కోసి పెట్టాం, పని అయిన గంట తర్వాత నీడలోనే ఛార్జర్ తగిలిస్తున్నాం. 15 ఆంపియర్ల ఛార్జరు, ఖాళీ నుంచి నిండడానికి దాదాపు ఏడు గంటలు.

రెండోది నేను ఊహించనిది. పూలు కోసేవాళ్లు వంగి ఉంటారు, వెనక బండి వస్తున్నట్టు వాళ్లకు తెలియడం లేదు. బ్లేడు తిరగనప్పుడు చప్పుడే లేదు. రెండో రోజు ఒకావిడ మామయ్యను గట్టిగా తిట్టింది, తిట్టడం న్యాయమే. ఆటో వెనక్కి వెళ్లేటప్పుడు మోగే బజర్ ఒకటి తెచ్చి, బండి కదిలినంతసేపూ మోగేలా కలిపాను. దాని పాట భరించలేమని ఇప్పుడు అత్తయ్య అంటోంది. శబ్దం తగ్గించే రెసిస్టర్ ఎంత విలువది పెట్టాలో రేపు చూసి, వీడియో కింద రాస్తాను.