బార్‌కు పాట కోసం

శ్రోతలకు నమస్కారం.

మాది హిందూపురం. బెంగళూరు వచ్చి పదిహేడేళ్లయింది. నాకు తాగే అలవాటు లేదు. అయినా నెలకు ఒకటి రెండు సార్లు బార్‌కు వెళ్తాను. ఈ సంగతి ఇంట్లో తెలిసినప్పుడు మా నాన్న ఒకటే మాట అడిగాడు: "పాట వినేదానికి బార్‌కెందుకు పోవాల్రా, ఇంట్లో రేడియో లేదా?" ఆ మాట ఇప్పుడు రేడియోలోనే చెప్పాల్సి వస్తుందని అప్పుడు అనుకోలేదు.

పెళ్లిలో సన్నాయి వాయించే ఆయన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. రెండు గంటలు కల్యాణి వాయిస్తాడు, ఒక్కరూ వినరు. ఆ చప్పుడుకు మించి గొంతు పెంచి మాట్లాడుకుంటారు. పురోహితుడు చెయ్యి ఊపి గట్టిమేళం అన్నప్పుడు మాత్రం అక్కడ మేళం ఉందని అందరికీ తెలుస్తుంది. బెంగళూరులో లైవ్ మ్యూజిక్ అని బోర్డు పెట్టిన చాలా బార్లలో గాయకుడి బతుకూ అంతే. ఒకచోట ఒక అమ్మాయి గిటార్ పట్టుకుని చాలా బాగా పాడుతోంది. చరణం మధ్యలో ఉండగా ఎవరో ఐపీఎల్ పెట్టమన్నారు. మేనేజర్ టీవీ సౌండ్ పెంచేశాడు. ఆ అమ్మాయి పాట ఆపలేదు, చివరిదాకా పాడింది. చప్పట్లు కొట్టింది నేనూ, ఇంకొకరూ, అంతే. అదీ సిక్సర్ కోసమని ఆమె అనుకుని ఉంటుంది.

కాబట్టి నేను వెతికేది పాట మోగే చోటు కాదు, పాట వినే చోటు. బెంగళూరులో అలాంటివి ఉన్నాయి. వెతుక్కోవాలి.

అసలు ఈ ఊరికి గిటారు పిచ్చి ఎక్కడిదంటే, 1809లో తెల్లవాళ్లు శ్రీరంగపట్నం నుంచి సైన్యాన్ని ఇక్కడికి మార్చి కంటోన్మెంట్, అంటే సైనికుల దండు కట్టారు. దాంతో సైనిక బ్యాండ్లు, చర్చి పాటలు, పియానోలు వచ్చాయి. అటు పాత పేటలో కచేరీలు, ఇటు దండులో డాన్సు హాళ్లు. ఆ రెండో పాయే ఇప్పుడు పబ్బుల్లోకి పారింది. విదేశీ రాక్ బృందాలు ఐరన్ మెయిడెన్ 2007లో, మెటాలికా 2011లో ఇక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించాయంటే ఊరికే కాదు, టికెట్ కొని నిలబడి వినే జనం ఇక్కడ ఉన్నారు.

ఇక చోట్లు. నా లెక్కలో మొదటిది వైట్‌ఫీల్డ్‌లోని విండ్‌మిల్స్. బీరు అక్కడే కాస్తారు, గోడల నిండా పుస్తకాలు ఉంటాయి, మధ్యలో జాజ్ అనే పాశ్చాత్య సంగీతం కోసమే కట్టిన హాలు. జాజ్ అనగానే భయపడకండి. మన కచేరీకి అలవాటుపడిన చెవికి అది పరాయిది కాదు. ముందు అందరూ కలిసి ఒక వరుస వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ దాన్ని పట్టుకుని మనోధర్మం కొద్దీ, అంటే అప్పటికప్పుడు తోచినట్టు విస్తరిస్తారు. మనం స్వరకల్పన తర్వాత చప్పట్లు కొట్టినట్టే అక్కడ ఒక్కో సోలో అయ్యాక కొడతారు. డ్రమ్మర్ వంతు వచ్చినప్పుడు, మన కచేరీలో మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనం గుర్తుకు రాకపోతే నన్ను అడగండి. ఖర్చు మాత్రం ఎక్కువ, ముందే చెబుతున్నాను.

రాక్ కావాలంటే కోరమంగలలో గిల్లీస్‌లోని ఫ్యాండమ్ ఉంది. అక్కడ వేదికకు పెద్దపీట, నిలబడి వినేవాళ్లే ఎక్కువ. సెయింట్ మార్క్స్ రోడ్డులో హార్డ్ రాక్ కేఫ్ పాతకాలపు బైబిల్ సొసైటీ భవనంలో ఉంది. పాట సంగతి ఆ రోజు వచ్చిన బ్యాండ్‌ను బట్టి. ఆ రాతి కట్టడం మాత్రం ఎప్పుడు వెళ్లినా చూడదగ్గదే.

పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు డొమ్లూరులోని బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్‌కు వెళ్లండి. అది బార్ కాదు. చాలా కార్యక్రమాలకు టికెట్ కూడా ఉండదు. చాలా పబ్బుల్లోకి మాత్రం 21 ఏళ్లు నిండనివాళ్లను రానివ్వరు.

ఎవరి పాట వినాలి అంటారా? థర్మల్ అండ్ ఎ క్వార్టర్ అనే బృందం 1996 నుంచి సొంత పాటలే పాడుతోంది. మన చెవికి ఇంకా దగ్గరైంది అగం అనే బృందం. త్యాగరాజ కృతులను డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లతో పాడతారు. చుట్టూ ఉన్న కుర్రాళ్లు కన్నడిగులో మలయాళీలో, గొంతెత్తి అందుకునేది మాత్రం తెలుగు మాటలు. మారతహళ్లి వైపు వారాంతాల్లో తెలుగు నైట్ అని పెడతారు చూడండి, వాటికంటే నాకు అగం కచేరీల్లోనే ఎక్కువ తెలుగు వినిపించింది.

ఇందిరానగర్‌లో హమ్మింగ్ ట్రీ అని ఒకటి ఉండేది. 2013లో తెరిచారు, 2019లో మూసేశారు. కొత్త బ్యాండ్లకు అది బడిలాంటిది. ఇలాంటి చోట్లు ఎక్కువకాలం ఎందుకు నిలవవు అంటే అద్దెలు ఒక కారణం. లైసెన్స్ ఇంకొకటి. ఈ రెండోదాని కథ కొంచెం చిత్రంగా ఉంటుంది. కర్ణాటకలో లైవ్ బ్యాండ్ అనే మాటకు వేరే అర్థం ఉంది. ఆడవాళ్లతో పాడించి, ఆడించే బార్లను ఆ పేరుతో పిలిచేవారు. వాటిని అదుపు చేయడానికి పోలీసులు 2005లో ఒక ఉత్తర్వు తెచ్చారు. ఆ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది, 2018 జనవరిలో కోర్టు ఉత్తర్వును సమర్థించింది. ఆ ఏడాదే పోలీసులు అమలు మొదలుపెట్టారు. గిటార్ పట్టుకుని మూల స్టూలు మీద పాడుకునే కుర్రాడూ అదే లెక్కలోకి వచ్చేశాడు. లైసెన్స్‌కు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే భవనం వాడుకోవచ్చని ఇచ్చే పత్రం కావాలన్నారు. బెంగళూరులో ఎన్ని పాత భవనాలకు అది ఉందో ఈ ఊళ్లో అద్దెకుండే ఎవరిని అడిగినా నవ్వుతారు. చాలాచోట్ల రాత్రికి రాత్రే పాట ఆగిపోయింది.

అలాగని చుట్టుపక్కల కాపురముండే వాళ్లను తప్పుపట్టలేం. శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది తర్వాత 45 డెసిబెల్స్ దాటకూడదు. మనం మామూలుగా మాట్లాడుకునే మాటే 60 దాకా ఉంటుంది. పక్కింటి మేడ మీద బాస్ గిటార్ మోగుతుంటే చంటిపిల్లను నిద్రపుచ్చడం ఎలాగో ఇందిరానగర్‌లో ఉండే మా పిన్నిని అడగండి. అందుకే ఆరుబయట కార్యక్రమాలు పదికల్లా ముగిస్తారు. ఆలస్యంగా వెళ్తే సామాన్లు సర్దుకోవడమే చూస్తారు.

వెళ్లేటప్పుడు రెండు మూడు సంగతులు. కవర్ చార్జ్ అంటే అది తిండి బిల్లులో తగ్గిస్తారా, లేక ఉత్త ప్రవేశ రుసుమా అని ముందే అడగండి. స్పీకర్ పక్కన కూర్చోకండి. సౌండ్ ఇంజనీర్ మిక్సర్ పెట్టుకుని కూర్చున్న చోటికి దగ్గరగా కూర్చుంటే పాట సరిగ్గా వినిపిస్తుంది, ఎందుకంటే అతను తన చెవికి నచ్చేలాగే సర్దుతాడు. చీటీ రాసి తెలుగు పాట అడగొచ్చు, కానీ సొంత పాటలు పాడే బృందాన్ని అడగకండి, చిన్నబుచ్చుకుంటారు. రాత్రి పదకొండు దాటితే మెట్రో మీద ఆశ పెట్టుకోకండి.

మా నాన్న పోయిన ఏడాది వచ్చినప్పుడు ఆయన్ని ఒక జాజ్ కార్యక్రమానికి తీసుకెళ్లాను. నిమ్మరసం పెట్టుకుని ముభావంగా కూర్చున్నాడు. సాక్సాఫోన్ మొదలైంది. సాక్సాఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాలనాథ్ కచేరీలను రేడియోలో విన్న మనిషి కదా, కాస్త ముందుకు వంగాడు. పక్క టేబుల్ వాళ్లు ఆఫీసు కబుర్లు ఆపడం లేదు. కాసేపు ఓర్చుకుని, వాళ్ల వైపు తిరిగి తెలుగులోనే అన్నాడు: "కాసేపు గమ్మునుండండి నాయనా, ఆయన వాయిస్తా ఉండాడు."

వాళ్లూ తెలుగువాళ్లే. గమ్మునున్నారు.