బ్రేకు తొక్కితే స్టీరింగు వణుకుతోంది, బండి ఎడమకు లాగుతోంది

వ్యాఖ్యాత: నమస్కారం. పాత కార్ల సమస్యలకు సలహాలిచ్చే ఈ ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. చాలా ఏళ్లుగా సొంత షెడ్డు నడుపుతున్న మెకానిక్ గారు మనతో ఉన్నారు. తొలి ఫోను తెనాలి నుంచి వచ్చింది. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ని. నా దగ్గర 2005 నాటి మారుతి 800 ఉంది, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా, వేగం 70 దాటాక బ్రేకు తొక్కితే స్టీరింగు చేతుల్లో గడగడ వణుకుతోంది, బండి ఎడమకు లాగేస్తోంది. రెండుసార్లు చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంటు చేయించాను, ముందు టైర్లు రెండూ కొత్తవి వేయించాను. ఏమీ మారలేదు.

మెకానిక్: నమస్కారం మాస్టారూ. అదే వేగంలో బ్రేకు మీద కాలు లేనప్పుడు బండి ఎలా ఉంటుంది?

శ్రోత: తిన్నగా పోతుందండీ, వణుకు కూడా ఉండదు.

మెకానిక్: అయితే ఆ ఖర్చుకు ముందే ఈ ప్రశ్న మిమ్మల్ని ఎవరైనా అడిగి ఉండాల్సింది. చక్రాల బ్యాలెన్సు తప్పినా, టైరు ఉబ్బినా, రిమ్ము వంగినా, బ్రేకుతో నిమిత్తం లేకుండా ఏదో ఒక వేగం దగ్గర వణుకు మొదలవుతుంది. అలైన్‌మెంటు తప్పితే బ్రేకు వేయకుండానే బండి ఒక పక్కకు జరుగుతూ ఉంటుంది. మన రోడ్లు నీళ్లు పోవడానికి అంచులకు వాలుగా ఉంటాయి కాబట్టి కొద్దిగా ఎడమకు జరగడం వేరు, దాన్ని లోపంగా లెక్కించనక్కర్లేదు. మీ బండికి రెండు లక్షణాలూ బ్రేకు తొక్కినప్పుడే వస్తున్నాయి గనుక ముందు బ్రేకుల్లోనే వెతకాలి. మా వాళ్లు నిన్న మీకు ఫోనులో చెప్పిన పరీక్ష చేశారా?

శ్రోత: చేశానండీ. ఈ ఉదయం పది కిలోమీటర్లు మామూలుగా బ్రేకులు వేస్తూ తిరిగొచ్చి, ఆపిన వెంటనే ముందు చక్రాల సందులోంచి, వాటితో పాటు తిరిగే బ్రేకు డిస్కుల మీద రెండు చుక్కల నీళ్లు వేశాను. ఎడమ వైపు చుయ్యిమని ఆవిరైపోయాయి. కుడి వైపు ఊరికే జారి కిందపడ్డాయి. తరువాత జాకీ పెట్టి ఎత్తి చూస్తే ఎడమ చక్రం చేత్తో తేలిగ్గానే తిరిగింది.

మెకానిక్: మీరు చెప్పిన చివరి మాటే నాకు కావలసింది. ఎడమ చక్రం బిగుసుకుని ఉంటే, డిస్కును రాపిడి ప్యాడ్లతో రెండు వైపులా అదిమే ఎడమ క్యాలిపర్‌నో, లోపల పూడుకుపోయి ఒత్తిడిని వెనక్కి వదలని బ్రేకు గొట్టాన్నో అనుమానించేవాణ్ని. అది తేలిగ్గా తిరుగుతోందంటే ఎడమ బ్రేకు తన పని తాను చేస్తోంది. నీళ్లు ఆవిరి కాలేదంటే కుడి డిస్కు వేడెక్కలేదన్నమాట, అంటే పని చేయనిది కుడి బ్రేకు. బండి ఎప్పుడూ గట్టిగా పట్టుకునే వైపుకే లాగుతుంది కాబట్టి చాలామంది లాగే వైపునే విప్పి, అక్కడ తప్పేమీ కనబడక, ప్యాడ్లు మార్చి బిగించేస్తారు.

శ్రోత: మరి కుడి వైపు ఏమై ఉంటుందండీ?

మెకానిక్: క్యాలిపర్ విప్పించి రెండు ప్యాడ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇందులో పిస్టను ఒక్క వైపే ఉంటుంది. అది లోపలి ప్యాడును నెడితే, క్యాలిపర్ రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడును డిస్కుకు అదుముతుంది. పిన్నులు తుప్పు పట్టి జారకపోతే లోపలి ప్యాడు అరిగిపోయి, బయటిది మందంగా మిగులుతుంది. అలా కాకుండా రెండూ అరగకుండా, డిస్కు మీద తుప్పు చార కూడా చెరగకుండా ఉంటే పిస్టనే పట్టేసినట్టు, లేదా గొట్టం మూసుకుపోయినట్టు. ప్యాడ్ల మీద గ్రీజో, బ్రేకు ఆయిలో పడిందేమో కూడా చూడాలి. పిన్నులకు మామూలు గ్రీజు మాత్రం రాయనివ్వకండి. దానికి రబ్బరు బూట్లు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు రాయాలి.

వ్యాఖ్యాత: వణుకు సంగతి?

మెకానిక్: అది ఎడమ డిస్కు నుంచి వస్తోందని నా అనుమానం. కుడి బ్రేకు చేయాల్సిన పనిలో చాలా భాగం ఇన్నాళ్లూ తనే చేసి, మితిమీరి వేడెక్కి, దాని ముఖం మీద ప్యాడు పదార్థం ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా అంటుకుని ఉంటుంది. మందంలో మిల్లీమీటరులో వందోవంతు రెండు మూడు తేడా వచ్చినా చక్రం తిరిగిన ప్రతిసారీ స్టీరింగు అదురుతుంది. మైక్రోమీటరుతో మందం కొలిపించి, అంచున ముద్రించిన కనీస మందానికి పైన ఉంటేనే లేతు మీద పల్చగా తీయించండి; లేకపోతే రెండు డిస్కులూ, రెండు వైపులా ప్యాడ్లూ కలిపి మార్చండి. కొత్త డిస్కు వేసే ముందు, అది కూర్చునే హబ్బు మీది తుప్పును వైరు బ్రష్‌తో గీకించడం మరవకండి, ఎందుకంటే కింద తుప్పు రేణువు మిగిలితే కొత్త డిస్కు కూడా వంకరగా కూర్చుంటుంది. చక్రం నట్లను ఎదురెదురుగా, చేతి పానాతో గట్టిగా బిగించాలి. చక్రాన్ని బండికీ స్టీరింగుకూ కలిపే లోయర్ ఆర్మ్ బుష్షుల్లో, టై రాడ్ చివరల్లో లూజు ఉందేమో అప్పుడే చూపించండి, అక్కడ ఆట ఉంటే చిన్న వణుకు కూడా పెద్దదవుతుంది.

శ్రోత: ఆదివారం పెళ్లికి రాజమండ్రి వెళ్లాలండీ. అంతవరకు నడపవచ్చా?

మెకానిక్: వద్దు మాస్టారూ. వానలో తడి రోడ్డు మీద గట్టిగా తొక్కాల్సి వస్తే, ముందు ఒక్క చక్రమే పట్టుకునే బండి మీ చేతిలో ఉండదు. పెళ్లికి రైల్లో వెళ్లి రండి.

వ్యాఖ్యాత: ఖమ్మం నుంచి ఒక అమ్మ లైన్లో ఉన్నారు.

శ్రోత: మాది 2008 కారండీ. బ్రేకు వేస్తే స్టీరింగు కాదు, సీటూ పెడలూ అదురుతున్నాయి.

మెకానిక్: వెనుక చక్రాల బ్రేకు డ్రమ్ముల నుంచి అయి ఉండవచ్చమ్మా. ఖాళీ మైదానంలో, 20 వేగంలో, హ్యాండ్ బ్రేకు చివరి బటన్ నొక్కి ఉంచి దాన్ని మెల్లగా లాగి చూడండి. అది వెనుక చక్రాలనే పట్టుకుంటుంది కాబట్టి అదే అదురు వస్తే డ్రమ్ములు గుండ్రం తప్పినట్టే. విప్పించినప్పుడు డ్రమ్ము మీద ముద్రించిన గరిష్ఠ వ్యాసం చూడమనండి. దానికి దగ్గరపడి ఉంటే లేతు పని చేయించకుండా కొత్తవే వేయించండి.