పడుగు లేని పని: తిరుపతిలో ఒక టీచరుగారి ఊలు అల్లిక

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ భాగాన్ని తిరుపతిలో, కపిలతీర్థం వెళ్లే దారికి దగ్గరలో ఉన్న ఒక ఇంటి వసారాలో కూర్చుని రికార్డు చేస్తున్నాము. నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పిన టీచర్ ఈ రోజు మన అతిథి. ఉద్యోగ విరమణ తరువాత ఆమె పగలంతా అల్లిక సూదులతోనే గడుపుతున్నారు. టీచర్, మే నెలలో 40 డిగ్రీలు దాటే ఈ ఊరిలో స్వెట్టర్ ఎవరికి కావాలి?

టీచర్: కావలసినవారు కొద్దిమందే, నాయనా. అందువల్లనే ఎవరికి ఏమి అల్లాలన్నది నేను చాలాసేపు ఆలోచించవలసి వస్తుంది. చలి ప్రాంతాలలో ఏది అల్లి ఇచ్చినా అవతలివారు తొడుక్కుంటారు. మన దగ్గర దారం ఎంపికలో పొరపాటు జరిగితే, రెండు నెలలు కష్టపడి చేసిన వస్తువు కూడా బీరువా దాటి బయటకు రాదు. అందుకని రంగు సంగతి తరువాత చూసుకొని, ముందుగా ఆ మనిషి ఏ వేళకు నిద్ర లేస్తాడు, ఎక్కడ పనిచేస్తాడు, ఆ ఇంట్లో బట్టలు చేత్తో ఉతుకుతారా, మెషీన్‌లో వేస్తారా అని కనుక్కుంటాను.

వ్యాఖ్యాత: మా అత్తవారిది నగరి. ఆ వీధుల్లో మరమగ్గాల చప్పుడు వింటూ, అల్లిక కూడా నేత లాంటిదేనని ఇంతకాలం అనుకున్నాను.

టీచర్: రెండూ బట్టనే ఇస్తాయి కాని, వాటి నిర్మాణం పూర్తిగా వేరు. నేతలో నిలువున పడుగు, అడ్డంగా పేక ఉంటాయి. రెండు దారాలు ఒకదాని పైనుంచి, కిందనుంచి మార్చి మార్చి వెళ్లి బిగుసుకుంటాయి. అల్లికలో పడుగూ లేదు, పేకా లేదు. ఒకే దారం ఉచ్చులోంచి ఉచ్చుగా, వరుస మీద వరుసగా పైకి వెళుతుంది. అందుకే అల్లిన బట్ట లాగితే సాగుతుంది, వదిలితే తిరిగి దగ్గరపడుతుంది. నువ్వు చొక్కా లోపల తొడుక్కున్న బనియన్‌ను ఒకసారి భూతద్దంతో చూడు. చిన్న చిన్న ఉచ్చులు నిలువు గీతల్లా కనిపిస్తాయి. తిరుపూరులో యంత్రాల మీద చేసేదీ ఈ అల్లికే. మన ఊళ్లో అల్లిన బట్ట తొడుక్కోనివారు ఎవరూ లేరు, దానిని అల్లిక అని గుర్తించరు, అంతే.

వ్యాఖ్యాత: చేతి అల్లికలో అన్నిటికంటే కష్టమైనది ఏది?

టీచర్: కుట్లు రెండే రకాలు, కొత్త ఉచ్చును ముందువైపుకు లాగే నిట్, వెనుకవైపుకు లాగే పర్ల్. ఎంత క్లిష్టమైన డిజైన్ అయినా ఈ రెండిటి నుంచే మొదలవుతుంది, వారం రోజుల్లో ఎవరికైనా పట్టుబడతాయి. కష్టమంతా దారాన్ని మొదటి వరుస నుంచి చివరి వరుస వరకు ఒకే బిగువుతో పట్టుకోవడంలో ఉంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టే ఆడవాళ్ల వేళ్లను గమనించు. మాటలాడుతూనే కడతారు, కాని మూర మొదట్లో ఎంత బిగువో చివరన కూడా అంతే బిగువు. ఆ చేయి నాకు రావడానికి మూడేళ్లు పట్టింది.

ఇక లెక్కల టీచర్‌ను కనుక ఈ మాట చెప్పకుండా ఉండలేను. అసలు పని మొదలుపెట్టేముందు అదే దారంతో, అదే సూదులతో ఒక చిన్న చదరపు ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టాలి. 4 మిల్లీమీటర్ల సూదులతో, డికె అనే మధ్యరకం దారంతో నాకు 22 వస్తాయి. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. టోపీ కొంచెం పట్టి ఉండాలి కాబట్టి 32కు అల్లుతాను. అంటే 70 కుట్లు. అంచులో రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున వెళ్లాలి కనుక నాలుగుతో భాగింపబడే 72 కుట్లు సూదికి ఎక్కిస్తాను. ఇప్పుడు నా చేయి వదులై 10 సెంటీమీటర్లకు 20 కుట్లే వచ్చాయనుకో, అదే 72 కుట్లకు టోపీ 36 సెంటీమీటర్లు అవుతుంది, బిడ్డ కళ్ల మీదకు జారుతుంది. పది సెంటీమీటర్లకు రెండు కుట్ల తేడాతో టోపీ పనికిరాకుండా పోతుంది.

వ్యాఖ్యాత: పసిపిల్లల టోపీలు మీరు ఒక ఆసుపత్రికి ఇస్తున్నారని విన్నాను.

టీచర్: అవును. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు. పసిబిడ్డ ఒంటితో పోలిస్తే తల పెద్దది, ఒంటి వేడి అక్కడి నుంచి చాలా పోతుంది. ముందుగా అక్కడి నర్సులను అడిగి, వారు ఒప్పుకున్న కొలతలలోనే అల్లుతున్నాను. మెత్తటి నూలు దారం, గుండీలు లేవు, పువ్వులు లేవు, లోపలివైపు వేలాడే పోగు ఒక్కటి కూడా ఉండకూడదు, ఎందుకంటే పసివేళ్లకు దారం చుట్టుకుంటే రక్తప్రసరణ ఆగిపోతుంది. అందుకే చిల్లులుండే లేసు డిజైన్లు ఎంత అందంగా ఉన్నా వాటి జోలికి వెళ్లను.

వ్యాఖ్యాత: నూలు మాట వచ్చింది కాబట్టి అడుగుతాను. మీకు అత్యంత ఇష్టమైన దారం ఏది?

టీచర్: నూలుతోనే ఎక్కువ పనిచేస్తాను, కాని చేతికి హాయినిచ్చేది మెరినో అనే జాతి గొర్రెల మెత్తటి ఊలు. నూలుకు సాగే గుణం తక్కువ. సాగిన తరువాత వెనక్కు రాదు, తడిస్తే బరువెక్కి కిందికి దిగుతుంది. అందుకని నూలుతో సంచి అల్లాలంటే ఒక సైజు సన్నపు సూదులు తీసుకొని బిగువుగా అల్లాలి. నేతవారు నూలును కౌంటులలో చెబుతారు కదా. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు, అంటే దారపు చుట్టలు, ఎన్ని వస్తే అన్ని కౌంట్లు. కౌంటు పెరిగిన కొద్దీ దారం సన్నబడుతుంది. వెంకటగిరి చీరల 100 కౌంటు నూలును చేత్తో అల్లడం నావల్ల కాదు. కోనుల మీద వచ్చే ముతక హోజియరీ నూలును, అంటే బనియన్ల వంటివి అల్లే నూలును, నాలుగు పోగులు కలిపి పట్టుకుంటే నా సూదులకు సరిపోతుంది. దానితో నేను అందరికీ ఇచ్చేవి మసిగుడ్డలు.

వ్యాఖ్యాత: మసిగుడ్డలా? అంత శ్రమపడి పొయ్యి దగ్గర వాడే గుడ్డ ఇస్తారా?

టీచర్: రోజూ చేతిలో ఉండే బహుమతి అదే, నాయనా. గృహప్రవేశానికి జత మసిగుడ్డలు ఇస్తాను, రెండు పొరల మందంతో. అయితే అవి నూలువే అయి ఉండాలి. ఏక్రిలిక్ అనే కృత్రిమ ఊలు చవక, రంగులు బాగుంటాయి, కాని వేడి గిన్నెకు తగిలితే కరిగి చేతికి అంటుకుంటుంది. పొయ్యి దగ్గరకు దానిని ఎప్పుడూ రానివ్వకూడదు. భుజాన కప్పుకునే శాలువాకు, పిల్లల బొమ్మలకు ఏక్రిలిక్ చక్కగా పనికివస్తుంది. లూధియానా నుంచి వచ్చే ఉండలు మన బజారులోనే దొరుకుతాయి.

వ్యాఖ్యాత: మరి మెరినో ఎవరికి?

టీచర్: మా అన్నకు. కొండపైన ఒక అంగడిలో పనిచేస్తాడు. ధనుర్మాసంలో, సుప్రభాతానికి బదులుగా తిరుప్పావై చదివే ఆ నెలలో, తెల్లవారకముందే లేచి మంచులో నడుస్తాడు. ఆయనకు చేతుల్లేని స్వెట్టర్ అల్లాను. ఊలు పోగు సహజంగా వంకీలు తిరిగి ఉంటుంది, ఆ వంకీల మధ్య గాలి నిలిచి వేడిని బయటకు పోనివ్వదు. తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకున్నా ఒంటికి తడిగా అనిపించదు. కొండమీది పొగమంచుకు ఇంతకంటే తగిన దారం నాకు తెలియదు.

వ్యాఖ్యాత: మన ప్రాంతంలోనూ గొర్రెలు ఉన్నాయి కదా, ఆ ఊలు వాడరా?

టీచర్: నెల్లూరు గొర్రెకు వెంట్రుకలే ఉంటాయి, అల్లడానికి తగిన ఊలు రాదు. దక్కని గొర్రెకు ఊలు ఉంది, గొంగళ్లు దానితోనే నేస్తారు. కాని పోగు లావు. పోగు మందం 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే చర్మానికి గుచ్చుకుంటుంది. మెరినో 24 మైక్రాన్లలోపే ఉంటుంది. వానలో నిలబడే గొర్రెల కాపరికి గొంగడిని మించినది లేదు, ఆ ఊలంటే నాకు ఎంతో గౌరవం. మెడకు చుట్టుకునే మఫ్లరుకు మాత్రం అది పనికిరాదు.

వ్యాఖ్యాత: మీరు ఇచ్చిన బహుమతుల్లో ఏదైనా మిమ్మల్ని బాధపెట్టిందా?

టీచర్: ఒకటి ఉంది. మా చెల్లెలి మనవరాలి మొదటి పుట్టినరోజుకు ఊలు గౌను అల్లాను. మూడు నెలల పని. నెల తిరగకుండా అది బొమ్మకు సరిపోయేంత చిన్నదై, అట్టలా గట్టిపడి నా దగ్గరకు తిరిగి వచ్చింది. వేడినీళ్లలో, మెషీన్‌లో వేశారు. ఊలు పోగు మీద చేప పొలుసుల వంటి పొలుసులు ఉంటాయి. వేడి, సబ్బు, కుదుపు మూడూ కలిస్తే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకొని మళ్లీ విడిపోవు. చెల్లెలు కళ్లనీళ్లు పెట్టుకుంది, కాని తప్పు ఆమెది కాదు. చంటిపిల్ల ఉన్న ఇంట్లో చేత్తో, చన్నీళ్లలో ఉతికి, నీడలో పరిచి ఆరబెట్టే తీరిక ఎవరికి ఉంటుంది? అది నేను ముందే ఆలోచించవలసింది. అప్పటినుంచి పిల్లలకు నూలు, లేదా మెషీన్‌లో వేసినా ముడుచుకోకుండా శుద్ధిచేసిన ఊలు మాత్రమే. ప్రతి బహుమతితో పాటు ఎలా ఉతకాలో రాసిన చీటీ, అదే దారం రెండు గజాలు చిన్న ఉండగా చుట్టి పెడతాను. ఎక్కడైనా తెగితే బాగుచేయడానికి ఆ దారం ఉండాలి.

వ్యాఖ్యాత: ఇప్పుడు మీ ఒడిలో ఉన్న ఈ ముదురాకుపచ్చ ఊలు కొత్తది కాదనిపిస్తోంది.

టీచర్: మా అమ్మ స్వెట్టర్. మదనపల్లెలో ఉన్న రోజుల్లో ఆమె తన కోసం అల్లుకున్నది, నలభై ఏళ్లు దాటింది. మోచేతుల దగ్గర పురుగు కొట్టింది, మిగిలినదంతా గట్టిగా ఉంది. కుట్లు విప్పి, దారాన్ని కుర్చీ వీపుకు చిలపగా చుట్టి, నాలుగుచోట్ల కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాను. విప్పిన దారం వంకరలు తిరిగి ఉంటుంది; తడిపి, కింద చిన్న బరువు వేలాడదీసి ఆరనిస్తే సాపు అవుతుంది. మా అన్న మనవరాలు చదువుకోవడానికి ఢిల్లీ వెళుతోంది, ఆ అమ్మాయికి అల్లుతున్నాను. ముందు భాగం, వెనుక భాగం, ఒక చేయి పూర్తయ్యాయి. రెండో చేతికి మోచేతి వరకే దారం చాలుతుంది.

వ్యాఖ్యాత: మరి మిగతాది?

టీచర్: అదే రంగు కోసం ఊరంతా వెతికాను, దొరకలేదు. ఆ అమ్మాయినే పిలిచి అడిగితే గోధుమరంగు ఎంచుకుంది. ఒక చేయి మాత్రమే వేరుగా ఉండకూడదని, నిన్న రాత్రి పూర్తయిన చేతిని కూడా మోచేతి వరకు విప్పేశాను. ఇప్పుడు రెండు చేతులూ మోచేతి నుంచి కిందికి గోధుమరంగులో వస్తాయి.